ఒకే మూస – తొంభై స్విచ్‌లు

కాలేజీలో నెట్ రాకపోతే విద్యార్థులు కంపెనీని తిడతారు, లెక్చరర్లు కంప్యూటర్ సెంటర్‌ను తిడతారు. మెట్ల కింద ఇనప అల్మారాలో ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటూ కూర్చున్న పెట్టెను మాత్రం ఎవరూ తిట్టరు. అక్కడ అదొకటి వున్నదని చాలామందికి తెలియనే తెలియదు. దాని పేరు స్విచ్. ఆ అంతస్తులోని గదుల్లోంచి వచ్చే తీగలన్నీ దాని దగ్గరికే చేరతాయి. గోడకు తగిలించిన వైఫై డబ్బాలు సైతం చివరకు ఓ తీగ ద్వారా దీనికే వచ్చి కలుస్తాయి.

బజారులో దొరికే స్విచ్‌లు రెండు రకాలు. మొదటి రకానికి కరెంటు ఇచ్చి తీగలు గుచ్చితే చాలు, పనిచేసుకుపోతుంది. దానితో మనం మాట్లాడటానికి ఏమీ వుండదు. రెండో రకాన్ని మేనేజ్డ్ స్విచ్ అంటారు. దీనికి సొంత పేరు, సొంత అడ్రసు వుంటాయి. పాస్‌వర్డు చెప్పి లోపలికి వెళ్ళి, ఏ పోర్టు ఎవరికి, ఎవరిని ఎక్కడికి పోనివ్వాలి, టైము ఎవరిని అడిగి సరిచేసుకోవాలి, ఏదైనా తేడా వస్తే ఎవరికి కబురు చెయ్యాలి అని ఆజ్ఞలు ఇవ్వవచ్చు. ఈ ఆజ్ఞల జాబితా మొత్తాన్ని కాన్ఫిగరేషన్ అంటారు. నలభైఎనిమిది పోర్టుల స్విచ్ ఒకదానికి అది కొన్ని వందల పంక్తులుంటుంది.

ఆ ఆజ్ఞల్లో ముఖ్యమైనది ఒకటి చెప్పాలి, ముందు ముందు దానితో పని పడుతుంది. రైలు ఒకటే ఐనా అందులో ఆడవాళ్ళ పెట్టె వేరు, రిజర్వేషను పెట్టె వేరు. అదే విధంగా ఒకే తీగల మీద విద్యార్థుల రాకపోకలు వేరు, ఆఫీసు రాకపోకలు వేరు, పరీక్షల విభాగానివి వేరు అయ్యేట్టు చేయవచ్చు. ఇలా విడదీసిన ఒక్కొక్క భాగాన్ని వీల్యాన్ అంటారు. ఒక్కోదానికి ఒక నెంబరు. నెంబరు కోసం కేటాయించిన చోటు పన్నెండు బిట్లు గనుక 4094 దాకా వాడుకోవచ్చు. ఏ కాలేజీకైనా ఇరవై, ముప్ఫయి వుంటే సరిపోతాయి.

ఇప్పుడొక యూనివర్సిటీ కాలేజీని ఊహించుకుందాం. సైన్సు బ్లాకు, ఆర్ట్సు బ్లాకు, లైబ్రరీ, పరిపాలనా భవనం, పరీక్షల విభాగం, మూడు హాస్టళ్ళు. అన్నిటికీ కలిపి తొంభై మేనేజ్డ్ స్విచ్‌లు. వాటిని చూసుకోవడానికి ఇద్దరు మనుషులు, అందులో ఒకరు కాంట్రాక్టు మీద. టైము చెప్పే సర్వరు అడ్రసు మారింది. ఒక్కో స్విచ్‌లోకి వెళ్ళి, పాత పంక్తి తీసి, కొత్తది రాసి, సరిచూసి, సేవ్ చేసి బయటికి రావడానికి ఇరవై నిముషాలు వేసుకుందాం. తొంభైకి ముప్ఫయి గంటలు. కేవలం ఒక్క పంక్తికి! మధ్యలో ఫోను వస్తుంది, ఎవరో పిలుస్తారు, నాలుగు స్విచ్‌లు మిగిలిపోతాయి. ఏవి మిగిలాయో రాసిపెట్టిన కాగితం కనిపించదు. ఇలా ఓ ఏడాది గడిస్తే ఒకే రోజున ఒకే పెట్టెలోంచి తీసిన స్విచ్‌లు ఒకదానికొకటి పోలిక లేకుండా పోతాయి.

ఇది మన దగ్గర మాత్రమే వున్న జబ్బు కాదు. ఇంటర్నెట్ వ్యవహారాలు చూసే ఐఏబీ అనే మండలి 2002లో నెట్‌వర్కులు నడిపేవాళ్ళనూ, ప్రోటోకాల్స్ తయారుచేసేవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టింది. ఆ చర్చల సారాంశం 2003లో ఆర్ఎఫ్‌సి 3535 అనే పత్రంగా వచ్చింది. నడిపేవాళ్ళు అడిగినవాటిలో రెండు కోరికలు మనకు సంబంధించినవి. ఒక్కో పెట్టెను విడిగా కాక మొత్తం నెట్‌వర్కును ఒకటిగా అమర్చుకునే వీలుండాలి అన్నది మొదటిది. కాన్ఫిగరేషన్ చదవదగ్గ పాఠంగా వుండాలి, నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి తేడా చూసుకునేట్టు వుండాలి అన్నది రెండోది. దరిమిలా 2006లో నెట్‌కాన్ఫ్ అనే ప్రోటోకాలు, 2010లో యాంగ్ అనే వర్ణనా భాష వచ్చాయి. వాటి కథ పెద్దది, ఇక్కడ వదిలేద్దాం.

మూస అంటే ఏమిటి?

పెళ్ళి శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సుకు వెళితే పాఠం తయారుగా వుంటుంది. వరుడి పేరు, వధువు పేరు, ముహూర్తం, వేదిక, ఇవి మాత్రం ఖాళీలు. మన వివరాలు రాసి ఇస్తే సాయంత్రానికి మన శుభలేఖ వస్తుంది. కాన్ఫిగరేషన్ టెంప్లేట్ అంటే సరిగ్గా ఇదే. అన్ని స్విచ్‌లకూ సమానమైన పంక్తులు మూసలో వుంటాయి. పేరు, అడ్రసు, ఏ భవనం, ఏ వీల్యాన్లు అన్నవి ఖాళీలు. ఖాళీల్లో పడవలసిన విలువలు వేరే పట్టికలో వుంటాయి. మూసనూ పట్టికనూ కలిపే పనిముట్టు తొంభై కాన్ఫిగరేషన్లను నిముషంలో పోసి ఇస్తుంది. ఈ పనికి ఇవాళ ఎక్కువమంది వాడే మూస భాష పేరు జింజా. జపాను భాషలో ఆ మాటకు గుడి అని అర్థం. ఇంగ్లీషులో గుడికీ మూసకూ వుండే మాటలు ఉచ్చారణలో దగ్గరగా వుంటాయి గనుక సరదాకి ఆ పేరు పెట్టారు.

ఇంతవరకు తేలిక. అసలు తిప్పలు మూసను ఎలా ఏర్పాటుచేయాలి అన్నచోట మొదలవుతాయి.

చాలామంది మొదట చేసే పని, అన్నిటికీ పనికొచ్చే ఒకే పెద్ద మూస రాయడం. హాస్టలైతే ఇలా, లైబ్రరీ ఐతే అలా, నలభైఎనిమిది పోర్టులదైతే ఇంకోలా, పాత మోడలైతే మరోలా అని షరతులు పెట్టుకుంటూ పోతారు. రాసినాయనకు మొదటి నెలలో బాగానే అర్థమవుతుంది. తరవాత వచ్చినవాడికి అది చిక్కుపడ్డ దారపుండ. లైబ్రరీ కోసం ఒక షరతు మారిస్తే అది హాస్టల్‌లో ఎక్కడ తగులుతుందో చెప్పలేము. దానికన్నా చిన్న చిన్న ముక్కలుగా చేసుకోవడం మేలు. పేరు, పాస్‌వర్డు పద్ధతి, టైము, కబురు, ఇవి అందరికీ వర్తించే ముక్క. గదుల్లోకి తీగలిచ్చే స్విచ్‌కు ఒక ముక్క, భవనాలను కలిపే స్విచ్‌కు ఒక ముక్క. ముక్కలు స్విచ్ చేసే పనిని బట్టి విడిపోవాలి కాని అది వున్న భవనాన్ని బట్టి కాదు. సైన్సు బ్లాకు స్విచ్, ఆర్ట్సు బ్లాకు స్విచ్ చేసే పని ఒకటే. వాటి తేడా పట్టికలో రెండు గడులతో తీరిపోతుంది.

ప్రభుత్వ కాలేజీలకు ఇంకో తంటా కూడా వుంది. టెండర్లలో తక్కువకు కోట్ చేసినవాడికే ఆర్డరు. ఆ లెక్కన పదేళ్ళలో మూడు కంపెనీల స్విచ్‌లు చేరతాయి. మూడింటి భాషలు మూడు. అప్పుడు పట్టిక మాత్రం ఒక్కటే వుంచి, మూసను కంపెనీకొకటి చొప్పున రాసుకోవాలి. పట్టిక కంపెనీ సొత్తు కాకుండా మన చేతిలో వుండటం అందుకే ముఖ్యం. ఒక కంపెనీవారి క్లౌడు తెర మీదే మూసలన్నీ తయారుచేసుకుంటే పని చాలా సులువు, నిజమే. కాని ఆ మూస పక్క కంపెనీ స్విచ్‌కు పనికిరాదు, ఏటేటా లైసెన్సు రుసుం వుంటుంది. అన్నీ ఒకే కంపెనీవి కొనగలిగిన కాలేజీ ఐతే, చూసుకునే మనుషులు తక్కువైతే, నేను ఆ తెరనే ఎన్నుకోమంటాను. తక్కినవారు మామూలు పాఠంగా రాసిన మూసలతో పోవడం మంచిది.

పుట్టించేదా, కట్టిపడేసేదా?

ఇక్కడ ఒక తేడా గమనించాలి. శుభలేఖ అచ్చయి ఇంటికొచ్చాక ప్రెస్సులో వున్న పాఠానికీ దానికీ సంబంధం తెగిపోతుంది. కొన్ని పద్ధతుల్లో మూస కూడా అంతే: స్విచ్ కొత్తగా వచ్చినరోజున ఒకసారి పోస్తారు, తరవాత దాని బతుకు దానిది. మరికొన్నిట్లో మూసకూ స్విచ్‌కూ ముడి అలాగే వుంటుంది. సిస్కోవారి మెరాకీలో ఒక నెట్‌వర్కును మూసకు 'బైండ్' చేస్తే ఆ తరవాత మూసలో చేసిన మార్పు దానికి కట్టుబడివున్న నెట్‌వర్కులన్నిటికీ వెళుతుంది. మొదటి పద్ధతిలో పాత జబ్బే తిరిగొస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. రెండో పద్ధతిలో తొంభైకీ ఒకే క్షణంలో మంచి జరుగుతుంది. చెడు ఐనా అంతే.

ముడి వుంచుకోవాలనుకుంటే మరో నిర్ణయం ఎదురవుతుంది. మూస పంపినదాన్ని స్విచ్‌లో వున్నదానికి కలపాలా, లేక పాతదంతా తీసేసి మూస చెప్పిందే వుంచాలా? నెట్‌కాన్ఫ్‌లో వీటికి మెర్జ్ అనీ రిప్లేస్ అనీ పేర్లు. మనం ఏమీ చెప్పకపోతే అది మెర్జ్‌గా తీసుకుంటుంది. కలపడం అనగానే భద్రంగా అనిపిస్తుంది. ఐతే కలిపే పద్ధతిలో మూసలోంచి తీసేసిన పంక్తి స్విచ్‌లోంచి పోదు. వెళ్ళిపోయిన ఉద్యోగి పాస్‌వర్డును మూసలోంచి కొట్టేశాం, ఇంకేం అనుకుంటాం. తొంభై స్విచ్‌లలోనూ అది హాయిగా వుంటుంది, దాన్ని తీసెయ్యమని విడిగా ఆజ్ఞ ఇచ్చేదాకా.

కలపడమా, తీసి పెట్టడమా అన్న గందరగోళానికి సిస్కో స్విచ్‌లలో పేరుమోసిన వుదాహరణ వుంది. భవనాన్ని భవనంతో కలిపే తీగ మీద పది, ఇరవై నెంబర్ల వీల్యాన్లు పోతున్నాయి. కొత్తగా ముప్ఫయిని చేర్చాలి. 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30' అంటే చేరుతుంది. అందులో 'యాడ్' అన్న ఒక్క మాట మరిచిపోతే, ఇకమీదట ముప్ఫయి మాత్రమే పోవాలి అని అర్థం. పది, ఇరవై ఆ క్షణంలోనే ఆగిపోతాయి. మనం కూర్చుని ఆజ్ఞ ఇస్తున్నది పదిలోంచి ఐతే కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. తప్పు సరిదిద్దడానికి కూడా లోపలికి వెళ్ళలేము. చేత్తో చేస్తే ఒక భవనం పోతుంది. మూసలో రాస్తే అన్ని భవనాలూ పోతాయి. అందుచేత మూసలో 'యాడ్' మీద ఆధారపడకుండా, ఆ తీగ మీద పోవలసిన నెంబర్లు మొత్తం పట్టికలో రాసిపెట్టుకుని, పూర్తి జాబితాను ప్రతిసారీ పంపడం మంచి పద్ధతి.

మినహాయింపుల సంగతి

మూసలను చెడగొట్టేవి మినహాయింపులే. అవి లేని కాలేజీ వుండదు.

ఫిజిక్సు లాబులో ఒక పాత పరికరం వున్నదనుకుందాం. దాని పక్కన వుండే కంప్యూటరు వయసు మన ఫస్టియర్ విద్యార్థులకన్నా ఎక్కువ. దాని నెట్‌వర్కు కార్డును వంద మెగాబిట్ల వేగానికీ, ఫుల్ డూప్లెక్సుకూ, అంటే ఇరువైపులా ఒకేసారి మాట్లాడుకునే పద్ధతికీ బిగించి పెట్టారు. మారిస్తే దాని సాఫ్టువేరు ఒప్పుకోదు. కాబట్టి ఎప్పుడో ఎవరో తెలివిగా స్విచ్‌లో ఆ పోర్టును కూడా అలాగే బిగించారు. ఇప్పుడు మూస వచ్చింది. అన్ని పోర్టులూ వేగాన్ని వాటంతట అవే తేల్చుకోవాలి అని మూస అంటుంది. తొంభై స్విచ్‌లలో వున్న వేల పోర్టులకు అది సరైన ఆజ్ఞే. ఈ ఒక్క పోర్టు దగ్గర మాత్రం స్విచ్ అవతలివాణ్ణి పలకరిస్తుంది, అవతలివాడు బదులు చెప్పడు. వేగం ఎంతో సంకేతాన్ని బట్టి కనిపెడుతుంది గాని, రెండో సంగతి తేలక, నియమం ప్రకారం హాఫ్ డూప్లెక్స్ అనుకుంటుంది. అంటే ఒకరి తరవాత ఒకరు మాట్లాడటం. ఇటువైపు వంతులు, అటువైపు ఏకధాటి మాటలు. దీపం వెలుగుతూనే వుంటుంది. చిన్న చిన్న ఫైళ్ళు పోతూనే వుంటాయి. పెద్ద ఫైలు పంపితే మాత్రం నత్తనడక. పాపం, పరిశోధక విద్యార్థి పరికరం చెడిపోయిందనుకుని మెకానిక్కును పిలిపిస్తాడు. మూస పోసినరోజుకూ ఈ నత్తనడకకూ సంబంధం వుందని ఎవరికి తోస్తుంది?

హాస్టల్లో ఇంకో రకం. గదిలోని పోర్టుకు ఎవరూ మరో స్విచ్‌ను తగిలించకుండా బీపీడీయూ గార్డు అనే కాపలా పెడతారు. అవతల స్విచ్ వున్నట్టు సంకేతం వస్తే పోర్టు తనంతట తాను మూసుకుంటుంది. మంచిదే. ఐతే వార్డెను ఆఫీసులో పోర్టులు చాలక కంప్యూటర్ సెంటర్‌వాళ్ళే ఓ చిన్న మేనేజ్డ్ స్విచ్ పెట్టివుంటారు. మూస వచ్చిన మరుక్షణం వార్డెను ఆఫీసు చీకటి.

వీటిని ఏం చేయాలి? మూసను పక్కన పెట్టి ఆ రెండు స్విచ్‌లను చేత్తో చూసుకుందాం అనిపించడం సహజం. అలా వదిలినవి ఇవాళ రెండు, సంవత్సరాంతానికి ఇరవై అవుతాయి. అవి మళ్ళీ మూసలోకి రావు. మూసలోనే ఫిజిక్సు లాబు కోసం ఒక షరతు రాయడం ఇంకో దారి. దాని గతి పైన చెప్పుకున్నాం. జూనిపర్‌వారి స్విచ్‌లలో గ్రూప్స్ అనే ఏర్పాటు చూస్తే ఒక దారి దొరుకుతుంది. గ్రూపులోంచి వచ్చే విలువ సామాన్య నియమం. ఆ స్విచ్‌లో అదే విషయాన్ని విడిగా రాస్తే విడిగా రాసినదే గెలుస్తుంది. ఈ సూత్రాన్ని ఏ కంపెనీ స్విచ్‌లకైనా మన పట్టికలో పాటించవచ్చు. పోర్టు మామూలు విలువ మూసది. పట్టికలో ఆ పోర్టు పేర వేరే విలువ వుంటే అది చెల్లుతుంది. దాని పక్క గడిలో మూడు సంగతులు వుండి తీరాలి: ఎందుకు, ఎవరడిగారు, మళ్ళీ ఎప్పుడు చూడాలి. కారణం రాయని మినహాయింపును తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలదు, వుంచడానికి ఎవరి దగ్గరా ఆధారం వుండదు.

కనుక మూస రాసేముందు చెయ్యవలసిన పని, వున్న తొంభై కాన్ఫిగరేషన్లనూ దింపుకుని చదవడం. విసుగు పుట్టించే పనే. రెండు వారాలు పడుతుంది. కాని ఏ తేడా పొరపాటు, ఏ తేడా అవసరం అన్నది అప్పుడే తేలుతుంది. ఆ రోజుల్లో చేసినవాళ్ళు రిటైరై వుంటే వాళ్ళింటికి వెళ్ళి అడిగిరావాలి కూడా.

ఒక దేశం ఆగిపోయిన రోజు

మూసల వల్ల తప్పు ఎంత దూరం ప్రయాణం చేస్తుందో చెప్పడానికి కాలేజీ వుదాహరణ చాలదు. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అనే కంపెనీ నెట్‌వర్కు మొత్తం ఆగిపోయింది. కోటీ ఇరవై లక్షలకు పైగా ఖాతాదారులు. ఫోన్లు లేవు, ఇంటర్నెట్ లేదు, దుకాణాల్లో కార్డులు పనిచేయలేదు, అత్యవసర సహాయం కోసం 911కు ఫోను చేస్తే చాలామందికి కలవలేదు. కారణం, దారులు పంచే రౌటర్లలో కాన్ఫిగరేషన్ మారుస్తూ ఒక వడపోత నియమాన్ని తీసెయ్యడం. ఆ జల్లెడ పోయేసరికి దారుల వివరాలన్నీ వరదలాగా కోర్ రౌటర్ల మీద పడ్డాయి. అవి తట్టుకోలేక కూలాయి.

ఇందులో మనం శ్రద్ధగా చదవవలసిన సంగతులు రెండున్నాయి. ఆ పని ఏడు దశలది, కూలింది ఆరో దశలో. మొదట్లో ఆ పనిని ప్రమాదం ఎక్కువ అని లెక్కవేశారు. ముందు దశలు సజావుగా జరిగాయి గనుక లెక్కగట్టే పద్ధతి దాన్ని తక్కువ ప్రమాదం కిందికి దించింది, దాంతో పైవాళ్ళ పరిశీలన తగ్గింది. రెండోది, రౌటర్లను సరిచేయడానికి వెళ్ళే దారి కూడా ఆ నెట్‌వర్కు మీదుగానే వుంది. నెట్‌వర్కు పోయేసరికి బాగుచెయ్యవలసినవాళ్ళే దూరమయ్యారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికీ ఇబ్బందిపడ్డారు. ఏం జరిగిందో కనిపెట్టడానికే గంటలు పట్టింది.

మన కాలేజీకి దీన్ని అన్వయిస్తే, మూసను ఎక్కడ మొదట పోయాలి అన్న క్రమం తేలుతుంది. ముందు బల్ల మీద పెట్టుకున్న ఖాళీ స్విచ్. తరవాత కంప్యూటర్ సెంటర్ సొంత స్విచ్, ఎందుకంటే దెబ్బ తగిలితే మొదట మనకే తగలాలి. ఆ తరవాత ఒక అంతస్తు, ఒక భవనం, సెలవుల్లో హాస్టళ్ళు. పరీక్షల విభాగం చిట్టచివర, అదీ ఫలితాలు వెలువడ్డాక. ఎనిమిది భవనాలు బాగా జరిగాయి గదా అని తొమ్మిదోదానికి సరిచూడటం మానకూడదు. నలభైఎనిమిది పోర్టుల స్విచ్‌లు ఆ తొమ్మిదో భవనంలోనే వుండవచ్చు. ఇరవైనాలుగు పోర్టులవాటిలో పై భవనానికి పోయే తీగ ఒక నెంబరులో వుంటుంది, నలభైఎనిమిదివాటిలో ఇంకో నెంబరులో వుంటుంది. మూసలో ఆ నెంబరును గట్టిగా రాసివుంటే, గదికి ఇవ్వవలసిన ఆజ్ఞ పై భవనపు తీగకు పడుతుంది. అది కూడా పట్టికలో వుండవలసిన ఖాళీయే.

పంపేముందు మూసలోంచి వచ్చినదాన్నీ స్విచ్‌లో వున్నదాన్నీ పక్కపక్కన పెట్టి తేడా చూడాలి, రాసినవారు కాక రెండోవారు చూడాలి. ఇద్దరే మనుషులున్న చోట ఆ రెండోవారు ఎం.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి ఐనా సరే. పాస్‌వర్డులు మూసలో రాయకూడదు, వేరే భద్రంగా వుంచి పోసే సమయంలో మాత్రం కలపాలి. మూసను పదిమంది చూస్తారు గదా.

వెనక్కి వచ్చే దారి సంగతి మిగిలింది. జూనిపర్ స్విచ్‌లలో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' అని ఒక ఆజ్ఞ వుంది. మార్పు అమలవుతుంది, కాని పది నిముషాల్లోగా మనం మళ్ళీ వచ్చి ఖాయం చెయ్యకపోతే స్విచ్ తనంతట తాను పాత అమరికకు వెళ్ళిపోతుంది. కొమ్మ నరుక్కున్నా పది నిముషాల్లో తిరిగి అతుక్కుంటుందన్నమాట. సిస్కోలో పాతకాలపు ఉపాయం, మార్పుకు ముందు 'రీలోడ్ ఇన్ 10' అని చెప్పి, సేవ్ చెయ్యకుండా పని చేయడం. అంతా బాగుంటే ఆ రీలోడును రద్దుచేసి సేవ్ చేస్తాం. బాగులేకపోతే పది నిముషాలకు స్విచ్ ఆగి లేచి, సేవ్ చేసివున్న పాతదానితో మొదలవుతుంది. కాసేపు అందరికీ నెట్ పోతుంది గనుక పగటివేళ పనికిరాదు. మూసలు పోసే పనిముట్టును ఎన్నుకునేటప్పుడు కంపెనీ ప్రతినిధిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: మూస తప్పయితే, స్విచ్ నా మాట వినే స్థితిలో లేకపోతే, అది తనంతట తాను వెనక్కి వస్తుందా? రంగురంగుల తెరలు తరవాత చూపించవచ్చు.

ఇవేవీ పనిచేయని రోజున మనిషే మెట్ల కిందికి వెళ్ళి, స్విచ్ ముందువైపో వెనకవైపో వుండే కన్సోల్ పోర్టుకు నీలిరంగు తీగ గుచ్చి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. అందుకని ఆ పట్టికలో ప్రతి స్విచ్ పేరు పక్కన ఇంకో గడి వుండాలి: ఆ ఇనప అల్మారా తాళంచెవి ఏ అటెండరు దగ్గర వుంటుంది, ఆదివారం ఐతే ఎవరి దగ్గర వుంటుంది అని.